మత్తుసూది - మూడుముళ్ళు

ఆమధ్య ఒక సాయంకాలం క్లాసులు ముగించుకొని స్టాఫ్‌రూములో పేపర్లు దిద్దుకుంటూ వుండగా పుంగనూరునుంచి ఒక తల్లీ కూతురూ వచ్చారు. పెద్దమ్మాయి మా కళాశాల పూర్వ విద్యార్థిని. ఇప్పుడు వచ్చింది చిన్నమ్మాయి. ఇంటర్‌ బై.పి.సి. పాసయింది. తల్లి కుర్చీ అంచున కూర్చొని, "మేడం, మా చిన్నపాప మత్తిచ్చే కోర్సు చదువుతానంటా వుంది. వాళ్ళ నాయన వద్దంటాడు. రాత్రిళ్ళు డ్యూటీ చేసే బిడ్డను యెవురు చేసుకుంటారు, చేసుకున్నా యెన్నాళ్ళు పంపిస్తారు అంటాడు. మీరే ఒక మాట చెప్పండి" అన్నది. కూతురు తల వంచుకొనే, "అమెరికాలో మత్తిచ్చే నర్సుకు డాక్టరంత జీతమంట మేడం" అని గొణిగింది.

నాయన మాటలోనూ, బిడ్డ మాటలోనూ సగం సగమే నిజం వుంది. ఆరోజు వాళ్ళకు నేను చెప్పినదానికంటె చెప్పకుండా మింగినదే యెక్కువ. విద్యార్థి సంఘంవారు సావనీరుకు వ్యాసం అడిగినప్పుడు ఆ మింగిన మాటలే జ్ఞాపకం వచ్చాయి. మదనపల్లె, పుంగనూరు, కుప్పం ప్రాంతాల్లో యీ ప్రశ్న ఇప్పుడు ఒక్క ఇంటిది కాదు గనుక ఇక్కడ రాస్తున్నాను.

ముందు మాట అర్థం చూద్దాం. అమెరికాలో 'నర్స్‌ ఎనస్తటిస్ట్‌' అనే వుద్యోగం వుంది. అది నిన్న మొన్న పుట్టింది కాదు. మేయో సోదరుల ఆస్పత్రిలో ఆలిస్‌ మగావ్‌ అనే నర్సు తానిచ్చిన పద్నాలుగు వేల పైచిలుకు మత్తుల అనుభవాన్ని 1906లో ప్రచురించింది. ఏగథా హాడ్జిన్స్‌ అనే మరొక నర్సు 1931లో మత్తుమందు నర్సులకు జాతీయ సంఘమే పెట్టింది. డాక్టర్లు కోర్టుకెక్కారు కూడాను. కాలిఫోర్నియా సుప్రీంకోర్టు 1936లో నర్సుల పక్షానే తీర్పు చెప్పింది. అలా పోరాడి నిలబెట్టుకున్న వృత్తి అది. నేడు దానిలోకి పోవాలంటే ముందు రిజిస్టర్డ్‌ నర్సు కావాలి. ఆపైన కనీసం ఒక యేడాది ఇంటెన్సివ్‌ కేర్‌లో పనిచెయ్యాలి. ఆపైన మూడేళ్ళ డాక్టరేటు. 2025నుంచి డాక్టరేటు లేకుండా కొత్తవాళ్ళు ఆ గడప తొక్కే వీలు లేదు. ఆ మూడేళ్ళలో కనీసం 600 కేసులు, 2000 గంటలు థియేటరులో గడపాలి. మధ్యలో వుద్యోగం చేసుకుంటూ చదువుదామంటే కుదిరే పని కాదు. ఖర్చు చాలాచోట్ల లక్ష డాలర్లు దాటుతుంది.

మన దేశంలో యీ వుద్యోగం లేదు. ఇక్కడ మత్తు ఇచ్చేది డాక్టరే. ఎం.బి.బి.యస్‌. తరువాత ఎనస్తీషియాలో ఎం.డి.యో, డిప్లొమాయో చేసినవారు. మన పల్లెల్లో 'మత్తు డాక్టరు' అంటారే, వారు. వారికి చేదోడుగా వుండి మెషీను సిద్ధం చేసి, గొట్టాలూ మందులూ అందించి, మానిటరు చూసేవారు ఎనస్తీషియా టెక్నాలజిస్టులు. వీరి బి.యస్సీ. కోర్సు వేరు. 2021లో పార్లమెంటు చేసిన అనుబంధ ఆరోగ్య వృత్తుల చట్టంలో వీరికీ చోటు దొరికింది. మంచి కోర్సే, వుద్యోగాలూ వున్నాయి. గల్ఫుకు పోయినవారూ వున్నారు. నేను తక్కువ చేసి మాట్లాడటం లేదు.

అయితే మోసం ఇక్కడే జరుగుతున్నది. మోసమంటే యెవరో కావాలని చేసేది అనను, పేరు చేసే మోసం. 'బి.యస్సీ. ఎనస్తీషియా' అన్న పేరు చూసి, అమెరికా నర్సు జీతం విని, రెంటికీ ముడిపెట్టి సీటు తీసుకుంటున్నారు. ఆ బి.యస్సీ. చేసినమ్మాయి నర్సు కాదు. నర్సింగు రిజిస్ట్రేషను రాదు. నర్సు కానిదే ఆ అమెరికా దారి మొదటి మెట్టు కూడా లేదు. నాలుగేళ్ళు గడిచాక యీ సంగతి తెలిసి, మళ్ళీ మొదటినుంచి బి.యస్సీ. నర్సింగుకు అప్లికేషను పెట్టుకున్న పిల్లను నేనెరుగుదును. ఇరవైరెండేళ్ళకు మళ్ళీ మొదటి సంవత్సరం. ఇంట్లోవాళ్ళు ఇంక ఓపిక పట్టలేదు, పెళ్ళి చేసేశారు. దానికి యెవరిని తప్పుపట్టాలి? కోర్సులో చేరేముందు ఒక్క ప్రశ్న వేసినవాళ్ళు లేకపోవడం తప్ప.

కనుక పుంగనూరు పాపకు నేను మొదట చెప్పింది ఇదే. అమెరికా ఆశ వుంటే నర్సింగు చదువు. ఆశ లేకపోతే నీకు థియేటరు ఇష్టమా, వార్డు ఇష్టమా చూసుకో. మన దేశంలోనే థియేటరు పని కావాలనుకునే నర్సుకు ఆపరేషన్‌ రూం నర్సింగులో పోస్టు బేసిక్‌ డిప్లొమా వుంది. క్రిటికల్‌ కేర్‌లో నర్స్‌ ప్రాక్టిషనర్‌ అనే రెండేళ్ళ పి.జి.ని కూడా భారత నర్సింగు కౌన్సిలు తెచ్చింది. మత్తు ఇచ్చే అధికారం వాటితో రాదు గాని, ప్రాణం నిలబెట్టే పని అక్కడా వుంది.

చదువుకు మనం యెంతో దూరం పోవలసిన పని లేదు. మదనపల్లెలో ఆరోగ్యవరం వుంది. డేనిష్‌ డాక్టరు ఫ్రిమోత్‌ మోలర్‌ క్షయరోగులకోసం కొండగాలిలో నిలబెట్టిన శానిటోరియం అది. ఆర్కాటు మిషనువారి మేరీ లాట్‌ లైల్స్‌ ఆస్పత్రి వుంది. కుప్పంలో యీ శతాబ్దం మొదట్లో పి.ఇ.యస్‌. వైద్య కళాశాల వచ్చింది, దాని పక్కనే నర్సింగు కాలేజీ. కుప్పంలో రైలెక్కితే కాట్పాడి, అక్కడినుంచి వేలూరు. 1909లో నర్సుల స్కూలు పెట్టి, 1946లో దేశంలోనే తొలి డిగ్రీ నర్సింగు కళాశాలల్లో ఒకటి తెరిచిన క్రిస్టియన్‌ మెడికల్‌ కాలేజీ వుంది. ఒకప్పుడు యీ చదువంటే మన ఇళ్ళల్లో మొహం చిట్లించేవారు. పరాయి మగవాళ్ళ ఒళ్ళు ముట్టుకోవడమేమిటని. కేరళనుంచి వచ్చినవాళ్ళూ, ఇక్కడి క్రైస్తవ కుటుంబాల ఆడపిల్లలూ ఆ మాటలు పడి, ఆ పని చేసి, దారి వేశారు. ఇవాళ అదే దారిలో అన్ని కులాల పిల్లలూ నడుస్తున్నారు. వాళ్ళకు మనం థ్యాంక్స్‌ చెప్పినట్టు నాకు గుర్తు లేదు.

ఇక పెళ్ళి సంగతి.

నర్సును 'సిస్టర్‌' అంటాం. ఆ మాటలోనే పాతకాలపు లెక్క వున్నది. పెళ్ళి లేని స్త్రీ, సేవకు అంకితమైన స్త్రీ. వేలూరు ఆస్పత్రి స్థాపించిన ఐడా స్కడ్డరు పెళ్ళి చేసుకోలేదు. ఆమె వెంట వచ్చిన మిషనరీ స్త్రీలలో చాలామంది అంతే. వారి త్యాగం గొప్పదే. అయితే ఆ త్యాగాన్ని వుద్యోగపు షరతుగా మార్చేసినవారు వున్నారు. మిలిటరీ నర్సింగు సర్వీసులో లెఫ్టినెంటు సెలీనా జాన్‌ను పెళ్ళి చేసుకున్నదన్న కారణాన 1988లో వుద్యోగంనుంచి పంపేశారు. 1977లో రాసిన నిబంధన అది. 1995లో తీసేశారు. ఆమె మాత్రం కోర్టుల చుట్టూ తిరిగి తిరిగి, 2024 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టుచేత 60 లక్షల పరిహారం ఇప్పించుకున్నది. ముప్పైఆరేళ్ళు! పెళ్ళి కారణంగా స్త్రీని తొలగించడం లింగ వివక్ష అని కోర్టు చెప్పింది. చట్టం యెప్పుడో చెప్పవలసిన మాట అంత ఆలస్యంగా చెబితే, పుంగనూరు నాయన ఇంకా చెప్పకపోవడం వింతా?

ఆ నాయనను నేను తిట్టలేను. రాత్రి డ్యూటీ దిగి, తెల్లవారుజామున మదనపల్లె బస్టాండులో టొమాటో లారీల మధ్య ఒంటరిగా నిలబడే బిడ్డ ఆయన కళ్ళముందు వుంటుంది. ఆయన భయం వుద్యోగం మీద కాదు, దారి మీద. ఆస్పత్రి బండి ఇంటిదాకా దించితే ఆ భయంలో సగం పోతుంది. ఇంత చిన్న యేర్పాటు చెయ్యని చోట 'ఆడపిల్లలు నిలకడగా వుద్యోగం చెయ్యరండీ' అని పెద్దలు వాపోతూ వుంటారు. నవ్వాలో యేడవాలో తెలియదు.

లెక్క వేసి చూద్దాం. ఇంటరు పదిహేడుకు. బి.యస్సీ. నర్సింగు నాలుగేళ్ళు, అంటే ఇరవైఒకటి ఇరవైరెండు. ఐ.సి.యూ.లో రెండేళ్ళు, ఇరవైనాలుగు. సరిగ్గా యిక్కడే పెళ్ళిళ్ళ పేరయ్య గుమ్మంలోకి వస్తాడు. అమెరికా నర్సు పరీక్ష రాసి, సొంతంగా అక్కడికి పోదామంటే భారతదేశంలో పుట్టినవారికి గ్రీన్‌కార్డు క్యూ పదేళ్ళు పైబడి వుంది. కనుక మన తెలుగిళ్ళల్లో ఇంకో దగ్గరదారి కనిపెట్టారు. సాఫ్ట్‌వేరు అబ్బాయికి నర్సు అమ్మాయిని చేస్తే వీసా తనంతటదే వస్తుంది గదా! వస్తుంది. ఏ వీసా? హెచ్‌-4 అనే భార్య వీసా. దానిమీద పని చెయ్యడానికి వీల్లేదు. 2015నుంచి, భర్త గ్రీన్‌కార్డు కాగితం ఒక దశ దాటితేనే భార్యకు పని అనుమతి అడిగే హక్కు వచ్చింది. అప్పటిదాకా ఆ నర్సు సర్టిఫికెట్లు సూట్‌కేసులో, ఆమె వంటగదిలో. రెండేళ్ళు చేతిపని తప్పిన ఐ.సి.యూ. నర్సును మత్తు కోర్సుకు యెవరు తీసుకుంటారు? మళ్ళీ ఐ.సి.యూ.లో చేరి కొత్తగా అనుభవం చూపించాలి. ఈలోపల బిడ్డ.

నేను దీన్ని పెళ్ళి వద్దని చెప్పడానికి రాయలేదు. పెళ్ళి కావాలనుకునే అమ్మాయికి పెళ్ళి కావాలి, బిడ్డలు కావాలనుకునేవారికి బిడ్డలూ కావాలి. ఆ కోరికలో నామోషీ యేమీ లేదు. కాని మూడేళ్ళ డాక్టరేటునూ, మొదటి కాన్పునూ ఒకే మూడేళ్ళలో ఇరికించే పథకం అమ్మాయి ఒక్కతే మోస్తే మోసేది కాదు. తెల్లవారక ముందే థియేటరుకు చేరాలి, మెషీను పరీక్షించాలి, మందులు సిరంజీల్లోకి తీసుకొని పెట్టుకోవాలి. సాయంత్రం ఇంటికొచ్చాక రేపటి కేసులు చదువుకోవాలి. ఆ ఇంట్లో పాలసీసా కడిగేది యెవరు అన్నది పెళ్ళి నిశ్చయం కాకముందు అడగవలసిన ప్రశ్న. కట్నం గూర్చి, బంగారం గూర్చి, యెకరాల గూర్చి పది మంది పెద్దలు కూర్చుని మాట్లాడతారు గదా. ఈ ఒక్క ప్రశ్నకు అయిదు నిమిషాలు ఇస్తే యెవరి పరువు పోతుంది? 'పెళ్ళయ్యాక చదివిస్తాంలెండి' అన్న మాట నేను ఇన్నేళ్ళలో వందసార్లు విన్నాను. నిలబెట్టుకున్నవారు లేకపోలేదు. వారిళ్ళల్లో నేను చూసిందేమిటంటే, అబ్బాయి పెళ్ళికి ముందే ఫీజు యెంత, యేళ్ళెన్ని, పరీక్ష యెప్పుడు అని లెక్క అడిగినవాడు. వూరికే 'చదివిస్తాం' అన్నవాడు కాదు.

ఇంకొక సంగతి వుంది. ఇది పెళ్ళిచూపుల్లో యెవరూ అడగరు, కాలేజీల్లో యెవరూ గట్టిగా చెప్పరు. మత్తు వాయువులు థియేటరు గాలిలోకి కొంత లీకవుతాయి. వాటిని బయటికి లాగేసే యేర్పాటు సరిగా లేని గదిలో యేళ్ళ తరబడి పనిచేసే గర్భిణులకు ప్రమాదమేమో అన్న అనుమానం 1967లో సోవియట్‌ యూనియన్‌లో వైస్‌మన్‌ అనే ఆయన చేసిన పరిశీలనతో మొదలయింది. తరువాత అమెరికాలోనూ పరిశీలించారు. గర్భస్రావాలు యెక్కువని కొందరు, లెక్కల్లో లోపాలున్నాయని కొందరు వాదించుకున్నారు. ఫలితంగా మంచి థియేటర్లలో వ్యర్థ వాయువును బయటికి పంపే గొట్టాలూ, గాలి మార్పిడీ తప్పనిసరి అయ్యాయి. మన చిన్న వూళ్ళ నర్సింగుహోముల్లో ఒక కిటికీ, ఒక ఏ.సి. పెట్టె వుంటే థియేటరంటారు. అక్కడ చేరబోయే అమ్మాయి జీతంతోపాటు ఆ గొట్టం వుందా లేదా అని అడగాలి. కడుపుతో వున్నప్పుడు ఎక్స్‌రే వుండే కేసులకు వెయ్యవద్దని చెప్పడానికీ మొగమాటపడకూడదు.

హక్కులు వున్నాయి. 1961 నాటి ప్రసూతి చట్టాన్ని 2017లో సవరించి మొదటి ఇద్దరు బిడ్డలకు 26 వారాల జీతంతో సెలవు ఇచ్చారు. యాభైమంది పనిచేసే చోట శిశు సంరక్షణ గది వుండాలన్నారు, తల్లి రోజుకు నాలుగుసార్లు పోయి బిడ్డను చూసుకోవచ్చునన్నారు. 2025 నవంబరునుంచి ఇవే హక్కులు సామాజిక భద్రతా స్మృతిలోకి వచ్చాయి. కాగితంమీద చక్కగా వుంది. బిడ్డకు ఆర్నెల్లు నిండకుండానే 'వస్తావా, ఇంకొకరిని పెట్టుకోమంటావా' అని ఫోను చేసే యాజమాన్యాలూ వున్నాయి. పేర్లు రాయను, చదివేవారికి తెలుసు. కాంట్రాక్టు నర్సుల పరిస్థితి మరీ కష్టం. తమకు హక్కుందని తెలియకనే సగంమంది రాజీనామా ఇచ్చి వెళ్ళిపోతారు.

ఇదంతా ఒక యెత్తు. నన్ను నిజంగా బాధపెట్టేది వేరే. 'మత్తు డాక్టరు లేడు, పైకి తీసుకుపోండి' అన్న మాట మన పల్లెల్లో వినని కుటుంబం వుందా? కాన్పు కష్టమయిన అమ్మాయిని అర్ధరాత్రి పుంగనూరునుంచి మదనపల్లెకు, అక్కడినుంచి తిరుపతికి తిప్పిన కథలు ప్రతి వీధిలోనూ వున్నాయి. కోసే డాక్టరు వుంటుంది, మత్తు ఇచ్చేవారుండరు. కేంద్ర ప్రభుత్వానికీ యీ సంగతి తెలియకపోలేదు. అందుకే మామూలు ఎం.బి.బి.యస్‌. డాక్టర్లకు 18 వారాలు తర్ఫీదిచ్చి ప్రసవాల ఆపరేషన్లకు మత్తు ఇప్పించే పథకం పెట్టింది. పద్దెనిమిది వారాల్లో డాక్టరుకు నేర్పగలిగినదాన్ని, ఐ.సి.యూ.లో అయిదేళ్ళు గొంతులో గొట్టాలూ, వెంటిలేటర్లూ చూసుకున్న నర్సుకు రెండేళ్ళు పెట్టి నేర్పలేమా?

మత్తు డాక్టర్లు ఒప్పుకోరు. వారి వాదనను నేను తేలికగా తీసెయ్యను. మత్తు అంటే సూది పొడవడం కాదు. నూటికి తొంభైతొమ్మిది కేసులు సాఫీగా పోతాయి. వందోదానిలో బి.పి. పడిపోయి, శ్వాస ఆగి, మూడు నాలుగు నిమిషాల్లో అంతా అయిపోతుంది. ఆ నిమిషాలకే ఆ చదువంతా, అంటారు. నిజమే. కాని డాక్టరు లేని వూళ్ళో ఆ వందోదానికీ, మిగిలిన తొంభైతొమ్మిదింటికీ కూడా దిక్కు లేదు గదా. పెద్ద ఆస్పత్రిలో డాక్టరు పర్యవేక్షణలో, ముందు ప్రసవాల ఆపరేషన్ల వరకే, నర్సులకు దశలవారీగా నేర్పించి చూడవచ్చు. నర్సుకు కొత్త బాధ్యత ఇవ్వడం మనకు కొత్త కూడా కాదు. 2017లో తెలంగాణ ప్రభుత్వం ఫెర్నాండెజ్‌ ఆస్పత్రివారి సాయంతో నర్సులకు పద్దెనిమిది నెలలు మిడ్‌వైఫరీ నేర్పించింది. మరుసటి యేడు కేంద్రమూ ఆ దారి పట్టింది. అప్పుడూ 'నర్సులా!' అన్నవారు వున్నారు.

అసలు స్త్రీ చేతికి మత్తుమందు అందడం తెలుగునేలకు కొత్తా? హైదరాబాదులో నిజాం ఖర్చుతో 1888లో, 1889లో క్లోరోఫారం కమీషన్లు జరిగాయి. రెసిడెన్సీ సర్జను ఎడ్వర్డ్‌ లారీ నడిపించాడు. ప్రపంచమంతా అటు చూసిన రోజులవి. ఆ లారీ దగ్గరే చదువుకొని, క్లోరోఫారం ఇవ్వడంలో పేరు తెచ్చుకున్నది రూపాబాయి ఫర్దూన్జీ. ప్రపంచంలోనే తొలి మహిళా మత్తువైద్యురాలని ఆమెను చెబుతారు. నూట ముప్పై యేళ్ళకు పైగా గడిచింది. ఆ కథ మన పాఠ్యపుస్తకాల్లో యెక్కడా నాకు కనబడలేదు.

ఆ దారి ఇక్కడే వుంటే పుంగనూరు పాపకు అమెరికా అవసరం వుండదు. హెచ్‌-4 లెక్కలు అవసరం వుండవు. కుప్పంలో నేర్చుకొని పుంగనూరులో పనిచేస్తుంది. పిల్లను అమ్మ దగ్గర వదిలి డ్యూటీకి పోతుంది. పెళ్ళికీ వుద్యోగానికీ మధ్య పదివేల మైళ్ళ సముద్రం వుండబట్టే గదా యీ తగువంతా. విద్యార్థి సంఘంవారు ప్రతి యేడూ రోడ్లగూర్చీ, ఫీజులగూర్చీ వినతిపత్రాలు ఇస్తుంటారు. ఈ యేడు ఇచ్చే కాగితంలో యీ విషయం కూడా ఒక పేరా చేర్చమని అడుగుతున్నాను. అలాగే కళాశాల నోటీసు బోర్డులో ఏ కోర్సు చదివితే ఏ రిజిస్ట్రేషను వస్తుంది, దేనికి రాదు అని ఒక పట్టిక పెట్టండి. దానికి యెవరి అనుమతీ అక్కర్లేదు. డ్రాయింగు షీటు నేను కొనిస్తాను.

ఆ తల్లీ కూతుళ్ళు లేచి వెళ్తూ గుమ్మం దగ్గర ఆగారు. "అయితే నర్సింగే పెట్టమంటారా మేడం?" అని పిల్ల అడిగింది. పెట్టమన్నాను. తల్లి మాత్రం కదల్లేదు. "ఇదంతా నేను పోయి చెబితే ఆయన వినడు. మీరే ఒక ఆదివారం వచ్చి ఆయనతో మాట్లాడండి" అన్నది. వస్తానన్నాను. వెళ్ళాను కూడా. ఆయన మజ్జిగ ఇప్పించి, అంతా విని, చాలాసేపటికి ఒకే ఒక ప్రశ్న అడిగినాడు: "ఆ ఆస్పత్రి బండి రాత్రిపూట మా వీధి దాకా వస్తాదా మేడం?"

ఆ మాటకు నా దగ్గర జవాబు లేకపోయింది. కనుక్కొని చెబుతానన్నాను.